క్వింటాళ్ళ లెక్క సరే, కాళ్ళ లెక్క ఏది?

మిర్చి టిక్కీ ఎన్ని కిలోలు తూగిందో మనకు తెలుసు. తేమ పేరుతో, తాలు పేరుతో ఎంత తరుగు తీశారో తెలుసు. కోతకు ఎంతమంది వచ్చారో, కూలి ఎంత పడిందో, ఆటో కిరాయి ఎంతయిందో అన్నీ పుస్తకంలో రాసుకుంటాం. ఆ కాయ కోసిన కాళ్ళకు ఏమయిందో మాత్రం ఏ కాటా మీదా తూగదు, ఏ పుస్తకంలోనూ ఎక్కదు.

ముప్పాళ్ళ మండలంలో ఏ ఊరికైనా వెళ్ళండి. కోతల కాలంలో సాయంత్రం పూట ఆటో దిగే ఆడవాళ్ళ కాళ్ళు చూడండి. పిక్కల మీద వానపాముల్లా మెలికలు తిరిగిన నీలపు గీతలు. చీలమండ దగ్గర వాపు. వేలితో నొక్కితే గుంట పడి, కాసేపటికి గాని పూడదు. కొందరికి మడమ పైన, లోపలి వైపు, చర్మం మాడిన పెనంలా నల్లబడి ఉంటుంది. ఇంకొందరికి అక్కడే పుండు. దానికి ఓ పాత గుడ్డ చుట్టుకుని మర్నాడు మళ్ళీ చేలోకి దిగుతారు. సభ్యత్వం రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఈ కాళ్ళ సంగతి అడుగుతుంటాను. జవాబు ఎక్కడైనా ఒకటే: "ఏముందన్నా, నరాలు ఉబ్బినాయి. వయసొచ్చింది గదా!" ఆ మాట అనే మనిషికి నలభై కూడా ఉండవు.

ఆ మాటతోనే నా తగువు. నలభై ఏళ్ళకు కాళ్ళు చెడితే దానికి వయసు అని పేరు పెట్టకూడదు. పని అని పెట్టాలి. పని వల్ల వచ్చిన జబ్బును వయసు ఖాతాలో రాసినంత కాలం దానికి ఎవరూ బాధ్యులు కారు. ప్రభుత్వం కాదు, పని పెట్టేవాళ్ళు కాదు, సంఘం కాదు. అందుకే ఈ జబ్బు ఏమిటో, ఎందుకు వస్తుందో, ఎలా ఆపాలో ముందు మనం నేర్చుకోవాలి. ఆ తర్వాత అడగాల్సిన చోట అడగాలి.

నరం కాదు, సిర

మన వాడుకలో ఒంట్లో తీగలా కనిపించేదంతా నరమే. డాక్టరు లెక్కలో అవి వేరువేరు. మెదడు నుంచి కబురు మోసేది నరం. గుండె నుంచి మంచి రక్తం మోసుకుపోయేది ధమని. వాడిన రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేది సిర. కాళ్ళ మీద ఉబ్బి మెలికలు తిరిగేవి సిరలు. ఆసుపత్రిలో వీటినే వెరికోస్ వెయిన్స్ అంటారు.

పేరులో ఏముందని అనుకోవద్దు. పేరు తప్పితే వైద్యమూ తప్పుతుంది. "నరాలు ఉబ్బినాయి" అని చెప్పగానే "నరాల బలహీనత" అని బలానికి సూదులు, గోళీలు రాసేవాళ్ళు ఊరూరా ఉన్నారు. నెలల తరబడి వారానికో సూది చొప్పున పొడిపించుకున్న వాళ్ళను నేనెరుగుదును. ఆ సూది నరానికి ఏం చేస్తుందో గాని, ఉబ్బిన సిరకు మాత్రం ఏమీ చేయదు. రెండు రోజుల కూలి సూది కింద పోతుంది, కాలు అలాగే ఉంటుంది.

పేరు తప్పడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. డాక్టరు ఆపరేషన్ చేయాలంటే "నరం తీసేస్తే కాలు చచ్చుబడదా?" అని భయపడి పారిపోయి వచ్చేస్తారు. తీసేది నరం కాదు, చెడిపోయిన పై సిర. కాలి రక్తంలో ఎక్కువ భాగాన్ని మోసేది కండరాల లోపల ఉండే లోతు సిరలు. అవి బాగున్నాయని స్కానింగులో చూసుకున్నాకే చెడిపోయిన పై సిరను మూసేయడమో, తీసేయడమో చేస్తారు. దానివల్ల కాలు చచ్చుబడదు.

ఫుట్‌వాల్వ్ చెడిన మోటారు

బావి మీద మోటారు నడిపిన రైతుకు ఈ జబ్బు అర్థం చేసుకోవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. పైపు అడుగున ఫుట్‌వాల్వ్ ఉంటుంది. నీళ్ళను పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. వాల్వ్ బాగుంటే మోటారు ఆపినా పైపులో నీళ్ళు నిలబడతాయి. వాల్వ్ చెడితే ఆపీఆపగానే నీళ్ళన్నీ కిందికి జారిపోతాయి.

కాలి సిరల్లోనూ ఇలాంటి చిన్న చిన్న వాల్వులు ఉంటాయి. తెలుగులో కవాటాలంటారు. అవి రక్తాన్ని గుండె వైపే పోనిస్తాయి. ఇక మోటారు పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకుని లోతు సిరలను పిండుతుంది, రక్తం పైకి ఎక్కుతుంది. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. నడుస్తుంటే ఈ మోటారు ఆడుతుంది. కదలకుండా నిలబడితే మోటారు ఆగిపోతుంది. అప్పుడు గుండె నుంచి మడమ దాకా ఉన్న రక్తం బరువంతా చీలమండ దగ్గరి సిరల మీద పడుతుంది. బీపీ కొలిచే లెక్కలో చెప్పాలంటే, కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ సిరలో ఒత్తిడి 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వాల్వులు బాగున్న కాలితో నడక మొదలుపెడితే అది మూడో వంతుకు పడిపోతుంది.

ఆ ఒత్తిడి ఏళ్ళ తరబడి రోజుకు ఎనిమిది గంటలు పడితే సిర గోడ సాగుతుంది. గోడ సాగితే వాల్వు రెక్కలు ఒకదానికొకటి అందవు. రక్తం వెనక్కి జారుతుంది. జారిన రక్తం కింది వాల్వు మీద పడి దాన్నీ చెడగొడుతుంది. కట్టకు పడ్డ గండి పెద్దదైనట్టు పెద్దదవుతుంది.

ఆ తర్వాత కథ మిరప రైతుకు ఇంకా బాగా అర్థమవుతుంది. నీరు నిలిస్తే చేను ఉరకెత్తుతుంది. నీళ్ళలోనే నిలబడ్డ మొక్క వాడిపోతుంది. కాలూ అంతే. రక్తం నిలిచిన చోట నీరు చర్మం కిందికి ఊరుతుంది, అది వాపు. రక్తంలోని ఇనుము చర్మంలో దిగుతుంది, అది నలుపు. చర్మం గట్టిపడి దురద పెడుతుంది. చివరికి చిన్న గీరు పడినా మానక పుండవుతుంది. మెలికల సిర నుంచి పుండు దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది. అంటే ఆపడానికీ అన్ని ఏళ్ళు మన చేతిలో ఉన్నట్టే.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టిన సంగతులు కావు. సిరల్లో వాల్వులు రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయని విలియం హార్వే అనే ఇంగ్లండు డాక్టరు 1628లోనే పుస్తకం రాశాడు. నాలుగు వందల ఏళ్ళ నాటి చదువు ముప్పాళ్ళ మిరప చేను దాకా ఇంకా నడిచి రాలేదు.

వయసు మీదికి తోసేయకండి

ఈ జబ్బుకు పని ఒక్కటే కారణమని నేను అనను. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పుల సమయంలో ఒంట్లో రక్తం పెరుగుతుంది, కడుపు బరువు సిరల మీద పడుతుంది, అందుకే ఆడవాళ్ళకు ఎక్కువ. ఒళ్ళు బరువు, వయసు కూడా తోడవుతాయి. పుట్టుకను, వయసును మనం మార్చలేం. పనిని మార్చగలం.

పని పాత్ర ఎంతో లెక్క తీసిన దేశాలున్నాయి. డెన్మార్కులో 1990లో పనుల్లో ఉన్న 20 నుంచి 59 ఏళ్ళ మనుషులను ఆసుపత్రి రికార్డుల ద్వారా 12 ఏళ్ళ పాటు గమనించారు. ఫలితం 2005లో ప్రచురించారు. పని గంటల్లో ఎక్కువ భాగం కాళ్ళ మీదే గడిపేవాళ్ళు ఉబ్బిన సిరలతో ఆసుపత్రికి రావడం, మిగతావాళ్ళతో పోలిస్తే మగవాళ్ళలో 1.75 రెట్లు, ఆడవాళ్ళలో 1.82 రెట్లు ఉంది. పని వయసులో వచ్చే ఈ జబ్బులో ఐదో వంతుకు పైగా నిలబడి చేసే పని వల్లేనని తేల్చారు. అది చలి దేశం. వేడికి సిరలు ఇంకా సాగుతాయి. రెంటచింతల ఎండ గురించి పల్నాడు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

మన పనులను ఒక్కొక్కటిగా చూడండి. మిరపకోతలో మనిషి సాలులో నడుస్తున్నట్టే కనిపిస్తుంది. నిజానికి ఒక్కో చెట్టు దగ్గర నడుం వంచి నిలబడటమే ఎక్కువ. పిక్క నిండుగా బిగుసుకుని వదిలే నడక అది కాదు. నాట్లలో కాలు బురదలో దిగబడి ఉంటుంది, అక్కడా అంతే. కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళు పొద్దుట కూర్చుంటే మధ్యాహ్నం దాకా కాళ్ళు ముడుచుకునే ఉంటారు. నిలబడకపోయినా అక్కడా పిక్క మోటారు ఆగిపోయినట్టే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠా కార్మికుడు బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాడు. పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, కాళ్ళ నుంచి పైకి రావలసిన రక్తానికి అది అడ్డు పడుతుంది. స్ప్రే పంపు వీపున వేసుకుని తిరిగే రైతు, టీ బంకు ముందు నిలబడేవాడు, మంగలి షాపులో పనిచేసేవాడు, బట్టల కొట్లో అమ్మే పిల్ల, అందరిదీ ఒకటే బాధ.

ఇది కూలీల జబ్బు, రైతుల జబ్బు కాదు అనుకునేవాళ్ళకు ఒక మాట. ఎకరం, రెండెకరాలు కౌలుకు చేసే ఇంట్లో కూలీలతో పాటు సాలు పట్టేది ఆ ఇంటి ఇల్లాలే. కూలీలు వెళ్ళాక కల్లంలో కాయ ఎండబోసేదీ, తాలు ఏరేదీ, ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడేదీ ఆమే. కూలీకి ఎనిమిది గంటలైతే ఆమెకు పద్నాలుగు.

"ధరే లేదు, విశ్రాంతి ఎక్కడ ఇస్తాం?"

ఈ సంగతి ఎత్తితే మన రైతుల నుంచే వచ్చే మాట ఇది. తోసిపుచ్చాల్సిన మాట కాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలితే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అది విత్తనానికి, మందులకు, కౌలుకు, కోత కూలికి సరిపోతుందో లేదో చేను చేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కోత కూలి ఇవ్వడానికి అప్పు తెచ్చిన రైతు ఉన్నాడు.

కానీ లెక్క సరిగ్గా వేద్దాం. ఎనిమిది గంటల పనిలో రెండు గంటలకోసారి పది నిమిషాలు ఆపితే మూడు సార్లు, మొత్తం అరగంట. రోజు పనిలో పదహారో వంతు. మంచినీళ్ళకూ టీకీ ఆగే నిమిషాలు ఇప్పటికే అందులో కొంత ఉన్నాయి. మిగిలింది ఎంత? కాళ్ళు వాచిన మనిషి మధ్యాహ్నం తర్వాత ఎంత కోస్తుందో, కాళ్ళు తేలికపడ్డ మనిషి ఎంత కోస్తుందో పక్కపక్క సాళ్ళలో చూడండి. ధర పడగొట్టింది వ్యాపారీ, ప్రభుత్వ విధానమూ. ఆ నష్టాన్ని కోత మనిషి కాళ్ళ నుంచి రాబట్టుకుంటామంటే అది న్యాయమూ కాదు, లాభమూ కాదు. మన పోట్లాట యార్డు మీద, ఢిల్లీ మీద ఉండాలి. పక్క సాలులో ఉన్న మనిషి మీద కాదు.

ఇంకో చిక్కు ఉంది. కిలోల లెక్కన కోసే చోట కూర్చోమన్నా ఎవరూ కూర్చోరు. పది నిమిషాలు కూర్చుంటే పది నిమిషాల కాయ పోతుందని వాళ్ళ బాధ. కాబట్టి ఇది ఒక రైతు మంచితనం మీద వదిలేసే పని కాదు. ఊరంతా ఒక్కమాట మీద ఉండాలి. కోతల ముందు కూలి రేటు తేల్చుకునేటప్పుడే విశ్రాంతి సంగతి కూడా తేల్చుకోవాలి. అందరూ ఒకేసారి ఆపితే ఎవరి కాయా ఎవరూ కోయరు. రోజుకూలి అయితే ఆ అరగంటకు కూలి కోయకూడదు. కిలోల లెక్క అయితే దానికి తగ్గట్టు రేటు కలపాలి.

చట్టం కూర్చోమంది, ఎవరిని?

నిలబడి చేసే పనికి కూర్చునే ఏర్పాటు ఉండాలన్నది కొత్త కోరిక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనులోనే నిలబడి పనిచేసే కార్మికులు వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని రాశారు. అది ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది.

కేరళలో బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్ళను పొద్దస్తమానం కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. కోజికోడ్‌లో పి. విజి అనే దర్జీ పనిచేసే ఆమె ముందుండి వాళ్ళను కూడగట్టారు. కూర్చునే హక్కు కోసం పోరాటాలు జరిగాయి. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే ఏర్పాటును తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. మనకు ఇటు పక్కా అటు పక్కా కాదు, కింద ఉన్న రెండు రాష్ట్రాలే అవి. ఆ హక్కును ఎవరూ దయతలచి ఇవ్వలేదు. సాదాసీదా ఆడవాళ్ళు సంఘం కట్టి తెచ్చుకున్నారు.

పొలం పనికి ఏముంది? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని జరిగే చోట తాగునీరు, విశ్రాంతికి నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. చెరువు పూడిక తీసేటప్పుడు అవసరమైన నీడ, అదే మనిషి మిరపకోతకు వస్తే అవసరం లేదా? 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో పని వల్ల వచ్చే జబ్బుల జాబితా ఉండేది. ఆర్గానోఫాస్ఫరస్ విషం అందులో ఉండేది. పత్తి దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు ఉండేది. నిలబడి నిలబడి చెడిన కాలు మాత్రం లేదు. పొలం కూలీకి ఈఎస్ఐ కూడా లేదు. అంటే చేలో కాలు చెడితే చట్టం దృష్టిలో అది ఎవరి వల్లా చెడలేదు. దానంతట అదే చెడింది!

ఎవరినీ అడక్కుండా రేపటి నుంచే చేయగలిగినవి

పోరాటం నడుస్తుండగానే కాళ్ళను కాపాడుకోవాలి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

1. అరగంటకోసారి ఉన్నచోటే నిటారుగా నిలబడి, మడమలు పైకెత్తి మునివేళ్ళ మీద లేచి దిగండి. ఇరవై సార్లు. ఆగిన మోటారును మళ్ళీ తిప్పినట్టు పిక్క ఆడుతుంది.

2. విశ్రాంతి పది నిమిషాలూ కాళ్ళు వేలాడేసి కూర్చుంటే లాభం తక్కువ. నీడలో పట్టా మీద పడుకుని కాళ్ళు గుండె కంటే ఎత్తులో పెట్టండి. కాయ బస్తా అయినా, గట్టు అయినా సరే. రక్తం దానంతట అదే వెనక్కి పోతుంది. రాత్రి మంచం కాలి వైపు కోళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టుకుంటే పొద్దుటికి వాపు దిగుతుంది. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి గాని చేయకండి.

3. పనిని మార్చి మార్చి చేయండి. రెండు గంటలు కోసినవాళ్ళు కాసేపు కాయ మోసి గట్టుకు చేర్చే పనికి మారండి. నడక పడుతుంది.

4. పిక్క మీద, మోకాలి కింద బిగుతుగా ఏదీ కట్టుకోకండి. ఒకే చోట బిగించే రబ్బరు పట్టీ కింద రక్తం ఇంకా నిలుస్తుంది.

5. సిరలు ఉబ్బినవాళ్ళకు డాక్టర్లు ఒత్తిడి మేజోళ్ళు రాస్తారు. చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టేలా నేసినవి అవి. పొద్దున మంచం దిగకముందే వేసుకుని రాత్రి తీసేయాలి. ఎండలో చిరాకే. బురదలో నాట్లకు కుదరదు, పొడి చేలో కోతకు కుదురుతుంది. అయితే షుగరు ఉన్నవాళ్ళు, బీడీ చుట్ట అలవాటు ఉన్నవాళ్ళు, నడుస్తుంటే పిక్క పట్టేసి ఆగితే తగ్గేవాళ్ళు సొంతంగా కొని వేసుకోకూడదు. కాలికి మంచి రక్తం తెచ్చే ధమనులు బాగున్నాయో లేదో డాక్టరు చూశాకే వాడాలి. లేకపోతే కాలికే ముప్పు.

6. చీలమండ దగ్గర చర్మం పొడిబారితే కొబ్బరినూనె రాయండి. దురద పెట్టినా గోకకండి. ఆ గీరే పుండుకు మొదలు.

7. పుండు పడితే పసర్లు, పొడులు చల్లకండి. ఈ పుండుకు అసలు వైద్యం పైన రాసే మందు కాదు. కింద నిలిచిన రక్తాన్ని పైకి పంపే కట్టు. వేళ్ళ మొదలు నుంచి మోకాలి దాకా పద్ధతిగా చుట్టే ఒత్తిడి కట్టు. అది ఆసుపత్రిలోనే వేయించుకోవాలి, ధమనులు చూశాకే.

ఈ గుర్తులు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రి

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాంతో పాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. ప్రాణం మీది సంగతి అది. తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. పిక్కకు మర్దన చేయొద్దు.

ఉబ్బిన సిర తెగి రక్తం చిమ్మితే చూసేవాళ్ళు కంగారుపడి తొడకు తాడు కట్టేస్తారు. కట్టకండి. మనిషిని పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో ఆ చోట పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. సిర రక్తం కాబట్టి కాలు ఎత్తగానే జోరు తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మామూలుగా చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నిలబెట్టి కాళ్ళు చూడమనండి. పడుకుంటే సిరలు అణిగిపోతాయి. ఏ వాల్వు చెడిందో డాప్లర్ స్కానింగులో తెలుస్తుంది. అవసరమైతే లేజరుతోనో, వేడితోనో, సూదిమందుతోనో సిరను లోపలి నుంచే మూసేసే పద్ధతులున్నాయి, పాత పద్ధతిలో ఆపరేషనూ ఉంది. స్కానింగు చేయకుండానే ఆపరేషన్ తేదీ ఇచ్చేవాళ్ళ దగ్గర ఆగి ఆలోచించండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద మీకు ఏది వర్తిస్తుందో డబ్బు కట్టకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆపరేషన్ చెడిన సిరను మూస్తుంది. చెడగొట్టిన పనిని మార్చదు. అదే సాలులో అలాగే నిలబడితే ఇంకో సిర ఉబ్బుతుంది.

మన డిమాండ్లు

ఆపరేషన్ దాకా వచ్చాక డబ్బిస్తాం అనే ఆరోగ్య విధానం మనకు చాలదు. మండల మహాసభల్లో చర్చించి తీర్మానం చేయడానికి ఇవి ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి, పల్నాడు జిల్లాలో మిరపకోత, నాట్లు, తొడిమలు తీత, హమాలీ పనుల్లో ఉన్నవాళ్ళ కాళ్ళ మీద గుంటూరు ప్రభుత్వ వైద్య కళాశాల ద్వారా సర్వే జరపాలి. ఎంతమందికి ఏ దశలో ఉందో లెక్క బయటపెట్టాలి.

రెండు, ఊళ్ళో బీపీ, షుగరు చూసేటప్పుడే కాళ్ళూ చూడాలి. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు దీనిపై శిక్షణ ఇవ్వాలి.

మూడు, ఒత్తిడి మేజోళ్ళు, కట్టు బట్టలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వాలి. సత్తెనపల్లి, నరసరావుపేట ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికో రోజు కాళ్ళ పుండ్లకు ప్రత్యేకంగా కట్టు కట్టే ఏర్పాటు ఉండాలి.

నాలుగు, పొలం పనికీ, యార్డు పనికీ, కోల్డ్ స్టోరేజీ పనికీ రెండు గంటలకోసారి కూలి కోత లేని విశ్రాంతి, నీడ, తాగునీరు హక్కుగా చట్టంలో చేర్చాలి. కేరళ, తమిళనాడుల్లా దుకాణాల్లో కూర్చునే హక్కును ఇక్కడా చట్టం చేయాలి.

ఐదు, నిలబడి చేసే పని వల్ల వచ్చే సిరల జబ్బును, దాని పుండును వృత్తి రోగాల జాబితాలో చేర్చాలి.

ఆరు, ఇది ప్రభుత్వానికి కాదు, మనకు. వచ్చే కోతల ముందు ప్రతి గ్రామ శాఖా రైతులనూ కూలీలనూ ఒకచోట కూర్చోబెట్టి కూలి రేటుతో పాటు విశ్రాంతి వేళలు రాసుకోవాలి. మన సభ్యుల చేలల్లోనే ముందు అమలు చేయాలి. మన గట్టు మీద లేని నీడను కలెక్టరు దగ్గర ఎలా అడుగుతాం?

గిట్టుబాటు ధర అడిగినప్పుడు విత్తనం ఖర్చు చెబుతాం, ఎరువు ఖర్చు చెబుతాం, కూలి ఖర్చు చెబుతాం. ఇకనుంచి ఆ పట్టికలో ఇంకో వరస రాయాలి. ఈ పంట తీయడానికి ఎన్ని కాళ్ళు చెడ్డాయి అని. ఆ వరస నింపడం మొదలుపెడితే మిర్చి అసలు ధర ఎంతో యార్డుకూ తెలుస్తుంది, ఢిల్లీకీ తెలుస్తుంది.

ఈసారి గ్రామ శాఖ సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఆడవాళ్ళ కాళ్ళు ఒకసారి చూసి రండి. మీ చేలో కోసే వాళ్ళను అడిగి రండి. ఊరికి ఎన్ని కాళ్ళు తేలాయో రాసుకుందాం. ఆ కాగితం మన తీర్మానానికి మొదటి పేజీ.